వంతెన లేచేదాకా మా ఆటో ఏ దారిన పోవాలె?

2025 చివర, పత్తి ఏరుడు జోరుగా సాగుతున్న రోజుల్లో, ఒక తెల్లవారుజామున మేము కూలీల ఆటోలో కూర్చొని చేనుకు బయలుదేరాము. ముగ్గురు కూర్చొనే ఆటోలో పదమూడు మంది ఆడవాళ్లు. కాళ్ల దగ్గర సద్ది గిన్నెలు, ఒళ్లో పత్తి మూట కట్టే పాత చీరలు. మేము డ్రైవరు పక్కన సగం లోపల, సగం బయట. హైదరాబాదు–విజయవాడ రోడ్డు, అంటే 65వ నెంబరు జాతీయ రహదారి, దాన్ని దాటితేగాని ఆ చేనుకు పోలేము. అడ్డరోడ్డు దగ్గరికి రాగానే ఆటో ఆగిపోయింది. ముందు లారీలు, బస్సులు, కార్లు బారులు తీరి వున్నాయి. అక్కడ వంతెన కడుతున్నారు.

పావుగంట గడిచింది. మేస్త్రి ఫోను చేశాడు. "యింకా యాడున్నరు? పక్క చేనోళ్లు అప్పుడే సాళ్లల్ల దిగిండ్రు" అని గద్దించాడు. పత్తి ఏరుడుకు వాళ్లకు దొరికేది రోజు కూలి కాదు, తూకం కూలి. ఎన్ని కిలోలు ఏరితే అంత. రోడ్డు మీద పోయిన గంట ఆసామికి పోదు, మేస్త్రికి పోదు, ఏరే మనిషికే పోతుంది. డ్రైవరుకూ తొందరే, యింకో గుంపును తేవలసిన రెండో ట్రిప్పు వుంది. సక్రమంగా తిరిగి రావాలంటే కిలోమీటరున్నర ముందుకు పోవాలి, ఆ దారంతా బండ్లతో నిండి వున్నది. అతను అటూ యిటూ చూసి ఆటోను ఎదురు దారిలోకి తిప్పాడు.

దుమ్ములోంచి టిప్పరు వచ్చింది. ఆటో పక్కకు కోసుకొని మట్టి కుప్పనెక్కి ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఒక అవ్వ మాత్రం సద్ది వొలికిందని డ్రైవరును నానా తిట్లు తిట్టింది. కాసేపటికి యింకొకామె మాతో అన్నది: "అన్నా, యీ బ్రిడ్జి మా పానాలు కాపాడనీకే కడుతున్నరంటివి గదా. అది లేచేదాక మా పానం ఎవలు కాపాడాలె?"

అంటిమి, నిజమే. వంతెన కావాలని అడిగినవాళ్లలో మేమూ వున్నాము. యీ రోడ్డును నాలుగు వరసలుగా వెడల్పు చేసే పని 2012 నాటికి ముగిసింది. టోలు వసూలు మొదలైంది. బండ్ల వేగం పెరిగింది. కాని అనేక వూళ్ల దగ్గర పశువులు, ట్రాక్టర్లు, బడి పిల్లలు, కూలీలు అదే రోడ్డును నేల మీదనే దాటవలసి వచ్చింది. పైన వంతెన లేదు, కింద దారి లేదు. ఫలితం ఏమిటో అందరికీ తెలుసు. ప్రభుత్వ లెక్కలో ఒక చోటును ప్రమాద స్థలంగా, అంటే "బ్లాక్ స్పాట్"గా గుర్తించాలంటే, సుమారు అర కిలోమీటరు మేర మూడేళ్లలో చావుకో తీవ్ర గాయాలకో దారితీసిన ప్రమాదాలు అయిదు జరగాలి, లేదా పది మంది చావాలి. ముందు చావాలి, తర్వాత గుర్తిస్తారు! అట్లా యీ ఒక్క రోడ్డు మీద 17 చోట్లు తేలాయి. అప్పుడుగాని వంతెనలు, కింది దారుల పనులు మొదలు కాలేదు. రోడ్డు వేసేనాడే వేయవలసిన వంతెనను పన్నెండేళ్ల తర్వాత, పరుగెత్తే బండ్ల నడుమ కడుతున్నారు. ప్రమాదం సగం అక్కడే వుంది.

మిగతా సగం సంగతి చూద్దాము. వంతెన పని దగ్గర బండ్లు ఆగుతాయి, నిజమే, ఆలస్యమవుతుంది. ఆలస్యమంటే విసుగు, డీజిలు ఖర్చు అని కార్లలో పోయేవాళ్లు అనుకొంటారు. అంతటితో పోదు. ఆగిన వరసకు ఒక తోక వుంటుంది. ఆ తోక ఒక చోట నిలవదు. పొద్దున అర కిలోమీటరు వెనక వుంటే, సాయంత్రానికి రెండు కిలోమీటర్లు వెనక వుంటుంది. "ముందు పని జరుగుచున్నది" అనే బోర్డు మాత్రం పాతిన చోటనే వుంటుంది. తోక బోర్డును దాటి వెనక్కి పోయిన నాడు, వెనక వచ్చే లారీ డ్రైవరుకు ముందుగా చెప్పేవాడు లేడు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఆగిన బండి కంటబడి, కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకొన్నా, బ్రేకు తగలకముందే 33 మీటర్లు అయిపోతాయి. ఆ తర్వాతగదా బండి ఆగడం మొదలయ్యేది! పైగా సరుకు నింపిన లారీ. ఆ తోకలో చివరి బండి ఏది? వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ, లేదా కూలీల ఆటో. చలికాలంలో ఆరు గంటలకే చీకటి. చేను దిగి తిరిగి వచ్చే వేళ అదే.

రోడ్డు సన్నబడిన చోట యింకొక చిక్కు. అంతదాకా రెండు వరసల్లో వచ్చిన బండ్లు ఒక వరసలోకి దూరాలి. పెద్ద బండి తోసుకొని దూరుతుంది. సైకిలు, ఆటో, నడిచే మనిషి మట్టిలోకి దిగిపోవాలి. ఆ మట్టి పక్కనే పిల్లరు కోసం తవ్విన గుంత. గుంత చుట్టూ ఒక్కోచోట రేకులు వుంటాయి, ఒక్కోచోట నాలుగు కర్రలకు కట్టిన రిబ్బను. అరగంట ఆగి విసిగిన డ్రైవరు, రోడ్డు తెరపి కాగానే పోయిన కాలమంతా అక్కడే రాబట్టాలని చూస్తాడు. వాళ్లనొక్కరినే తిట్టి లాభం లేదు. బస్సు డ్రైవరుకు టైము పెట్టారు, లారీ డ్రైవరుకు ట్రిప్పు పెట్టారు, మన ఆటో డ్రైవరుకు ఫైనాన్సు కిస్తీ వుంది. పై నుంచి ఒకరి మీద ఒకరు తోసిన ఆలస్యం చివరకు చేను గట్టు దగ్గర, తూకం కాటా మీద, కూలి మనిషి మెడకు చుట్టుకొంటుంది.

ఆలస్యం ఒక రోడ్డు మీదే వుండదు. 2026 సంక్రాంతికి చిట్యాల వంటి చోట్ల పనులు నడుస్తున్నందున గుంటూరు వైపు పోయే బండ్లను నాగార్జునసాగర్ రోడ్డుకు మళ్లించారు. పండుగకు పోయేవాళ్లకు సుఖమే కావచ్చు. కాని ఆ సాగర్ రోడ్డు ఎవరిది? 2021 జనవరి 21న అదే రోడ్డు మీద అంగడిపేట దగ్గర, నాటు వేసి యింటికి తిరిగి వస్తున్న చింతబావి కూలీల ఆటో లారీతో ఢీకొని 9 మంది చనిపోయారు. అటువంటి రోడ్డు మీదికి పండుగ రద్దీని మళ్లించేటప్పుడు, ఆ పక్క వూళ్లలో కూలికి పోయే ఆటోల మాట ఎవరికైనా గుర్తుకొచ్చిందా? కారుకు ఏ దారి దగ్గరో పత్రికల్లో, ఫోన్లలో చెప్పారు. ఆటో ఏ దారిన పోవాలో ఎవరూ చెప్పలేదు.

వరంగల్లు రోడ్డు కథ యింకా పొడవు. ఉప్పల్–నారపల్లి మధ్య ఎత్తుదారికి 2018 మే నెలలో శంకుస్థాపన చేశారు. రెండేళ్లలో కావలసిన పని 2025 నాటికీ ముగియలేదు. అన్నేళ్లు పిల్లర్ల నడుమ, గుంతల నడుమ జనం తిరిగారు. భువనగిరి, ఘటకేసరు వైపు నుంచి నగరంలోని అడ్డాలకు పోయే కూలీల దారి అది. తాత్కాలిక దారి అంటారు. ఏడేళ్లు వున్నదాన్ని తాత్కాలికమంటే, మన పిల్లలు ఆ తాత్కాలికంలోనే బడి ముగించి బయటపడతారు.

దీనికి నియమాలు లేక కాదు. పని జరిగే చోట బండ్లను ఎట్లా నడిపించాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో వెలువరించిన మార్గదర్శకాలలో వుంది: ముందుగా హెచ్చరించే భాగం, సన్నబడే భాగం, పని భాగం, మళ్లీ మామూలు దారిలో కలిసే భాగం. 2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఏ సెక్షను కలిపారు. రోడ్డు నిర్మాణంలో భద్రతా ప్రమాణాలు పాటించక మనుషులు చచ్చినా, అంగవిహీనులైనా, బాధ్యులైన అధికారికి గాని కాంట్రాక్టరుకు గాని లక్ష రూపాయల దాకా జరిమానా అన్నారు. కోట్ల పనికి లక్ష జరిమానా! దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. అందులో మూడో వంతుకు మించి జాతీయ రహదారుల మీద పోయినవే. మొత్తం రోడ్లలో జాతీయ రహదారులు నూటికి రెండు పాళ్లే.

చనిపోయిన తర్వాత సంగతి కూడా చెప్పాలి. ట్రాక్టరు ట్రాలీ, సరుకుల ఆటో మనుషుల కోసం కావు. సరుకుల బండిలో వూరకే ఎక్కించుకొన్న మనిషికి బీమా కంపెనీ బాధ్యత లేదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కేసు వేసిన కుటుంబాల మీద బీమా కంపెనీలు తీసుకొచ్చే వాదం అదే. కూలీలు ట్రాలీ ఎందుకెక్కుతున్నారు, ఆ వేళకు ఆ వూరికి బస్సు వున్నదా అని కంపెనీ అడగదు. 2018 జూన్‌లో వలిగొండ మండలంలో ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది పోయిన నాడు మంత్రులు వచ్చి పోయారు. ట్రాలీలు మాత్రం యింకా మనుషులను మోస్తూనే వున్నాయి. మనవాళ్లలో చాలామందికి తెలియని ముక్క ఒకటి: రోడ్డు ప్రమాదంలో గాయపడిన వారికి ఏడు రోజుల పాటు, లక్షా యాభై వేల దాకా నగదు కట్టకుండా వైద్యం చేయాలనే పథకాన్ని 2025 మే నెలలో ప్రకటించారు. ఆస్పత్రిలో ముందు డబ్బు కట్టమంటే యీ మాట ఎత్తి నిలదీయండి. జాతీయ రహదారి మీద సహాయానికి 1033కు ఫోను చేయాలి.

మట్టి కుప్పనెక్కిన ఆటో సంగతికి వద్దాము. ఆ వారంలోనే యిరవై మందిమి కలిసి పని జరిపించే వారి దగ్గరికి పోయాము. ముందు పక్క రోడ్డు గట్టిగా వేసి, తర్వాత వంతెన పని సాగించాలని, దాటే చోట రాత్రి లైట్లు పెట్టాలని, వరస పెరిగినప్పుడల్లా దాని వెనక జెండాతో మనిషి నిలబడాలని, గుంతలకు రేకులు కట్టాలని అడిగాము. అక్కడి యింజనీరు మర్యాదగానే మాట్లాడాడు. "బోర్డులు అన్నీ పెట్టాం గదండీ" అన్నాడు. చూశాము. బోర్డులు యింగ్లీషులో వున్నాయి. మా వెంట వచ్చిన అక్క ఒకామె, "సారూ, తెలుగుల రాసినా నాకు చదువ రాదు. లైటైతే కండ్లకు కానొస్తది" అన్నది. ఆయన నవ్వి వూరుకున్నాడు.

పది రోజులకు రెండు లైట్లు వచ్చాయి. జెండా పట్టుకొని ఒక పిల్లవాడు కూడా వచ్చాడు, బీహారు వాడు, యిరవై ఏళ్లు కూడా వుండవు. దుమ్ము పడకుండా మూతికి తువ్వాల కట్టుకొని రోజంతా నిలబడతాడు. వాడూ కూలివాడే, వాడి వెనక నిలబడి వాడిని కాపాడేవాడు ఎవడూ లేడు. మాటల్లో అడిగితే తన డ్యూటీ పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా అని చెప్పాడు. మన ఆటోలు అక్కడ దాటేది పొద్దున ఆరుకు, మళ్లీ సాయంత్రం ఆరున్నరకు. ఆ వేళల సంగతి ఏమిటని అడగడానికి మళ్లీ పోయాము. యీసారి ఆటో డ్రైవర్లు కూడా రెండో ట్రిప్పు మానుకొని మా వెంట వచ్చారు.