వినబడని బిడ్డ సరే, తల్లి ఎలా ఉంది?

బిడ్డకు వినబడదని బెరా పరీక్షలో తేలగానే ఇళ్లలో వచ్చే మొదటి మాట, "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు?" చెవిటి పిల్లల్లో నూటికి 90 మందికి పైగా వినికిడి బాగున్న తల్లిదండ్రులకే పుడతారండీ. తల్లిని తప్పుపట్టకండి.

ఆపైన చెవి మిషను, స్పీచ్ థెరపీ, రోజంతా మాట్లాడించడం, అంతా ఆమె నెత్తినే. మైసూరు వాక్ శ్రవణ సంస్థకు బస్సెక్కేదీ ఎక్కువగా ఆమే. థెరపీ కన్నడలో జరిగితే ఇంటికొచ్చి తెలుగులో మళ్లీ చెప్పాలి, మనవాళ్లకిది అదనపు బరువు. ఇంటిభాష తెలుగని థెరపిస్టుకు ముందే చెప్పండి.

నిద్ర పట్టక, ఊరికే ఏడుపొస్తూ, ఎవరితోనూ కలవకుండా రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు. టెలి మానస్ 14416కు ఫోన్ చేయించండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

నాన్నగారూ, సాయంత్రం అరగంట పాఠం మీరు తీసుకోండి. మిషను బ్యాటరీ మార్చడం కూడా నేర్చుకోండి.