డబ్బాలో దాచిన విత్తనం ఎన్నేళ్ళు బతుకుతుంది? మా జేజి కొర్రల కథ

(వీడియో ఎపిసోడ్‌కు అక్షర రూపం)

ప్రొద్దుటూరు నుంచి మాట్లాడుతున్నాను. ముందు నా చేతిలో ఉన్నది చూడండి. పాత పాలపొడి డబ్బా. మూత తుప్పు పట్టింది. ఇది మా జేజిది, అంటే మా నాయన వాళ్ళమ్మది. జమ్మలమడుగు అవతల మైలవరం దగ్గర మా ఊరు. మూడేళ్ళ కిందట పాత ఇల్లు సర్దుతుంటే అటక మీద దొరికింది. లోపల కొర్రలు, పైన ఎండిపోయిన వేపాకు. జేజి పోయి అప్పటికి పదకొండేళ్ళు.

"అమ్మ ఏటా ఒక చారెడన్నా చల్లేది. ఆమె పోయినాక ఎవరూ ఎయ్యలా" అన్నాడు మా నాయన.

నాకు భలే సంతోషం వేసింది. విత్తనం దొరికింది కదా, వేస్తే మొలుస్తుంది అనుకున్నా. వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి పెట్టా. పది రోజులు చూశా. ఎన్ని మొలిచాయో చివర్లో చెప్తా. ముందు అసలు ప్రశ్న: విత్తనం దాస్తే ఎన్నేళ్ళు బతుకుతుంది?

బతుకుతుంది అన్నాను, గమనించండి. విత్తనం వస్తువు కాదు, ప్రాణి. లోపల పసి మొక్క నిద్రపోతూ ఉంటుంది. ఫోన్ స్టాండ్‌బైలో ఉన్నట్టు అనుకోండి. స్క్రీన్ ఆగిపోయినా బ్యాటరీ మెల్లగా దిగుతూనే ఉంటుంది కదా, ఇదీ అంతే. కాకపోతే ఫోన్‌కు ఛార్జర్ ఉంది, విత్తనానికి లేదు. దానికి ఛార్జింగ్ అంటే మళ్ళీ మట్టిలో పడి, పెరిగి, కొత్త గింజ పెట్టడమే.

ఈ బ్యాటరీని తొందరగా తినేసేవి రెండు: తేమ, వేడి. హారింగ్టన్ అనే శాస్త్రవేత్త ఒక తేలికైన లెక్క చెప్పాడు. విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపు. నిల్వ ఉంచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపే. ఇది సుమారు లెక్క, అన్ని పంటలకూ తూచినట్టు సరిపోదు. కానీ దీని బలం చూడండి. 35 డిగ్రీల గదిలో నుంచి 5 డిగ్రీల గదికి మార్చామనుకోండి. 30 డిగ్రీలు తగ్గింది, అంటే ఆరుసార్లు రెట్టింపు. అంటే 64 రెట్లు! మన దగ్గర ఎండాకాలం అటక మీద ఎంత వేడి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. పాపం, జేజి కొర్రలు అలాంటి పదకొండు ఎండాకాలాలు చూశాయి.

ఇప్పుడు హైదరాబాద్ పక్కన పటాన్‌చెరుకు పోదాం. అక్కడ 1972లో మొదలైన ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలు... వీటిలో లక్షా పాతిక వేలకు పైగా నమూనాలు అక్కడి విత్తన బ్యాంకులో ఉన్నాయి. 144 దేశాల నుంచి వచ్చినవి. కొర్రలూ ఉన్నాయి.

అక్కడ ఏం చేస్తారంటే, ముందు ఆరబెడతారు. మనలా మిద్దె మీద మండుటెండలో కాదు. 15 డిగ్రీల చల్లదనం, గాలిలో 15 శాతం మాత్రమే తేమ ఉండే గదిలో, నిదానంగా. ఆ తర్వాత రెండు రకాల నిల్వ. అడిగినవాళ్ళకు పంచడానికి వాడేది 4 డిగ్రీల గదిలో. చాలా ఏళ్ళు దాచాల్సింది గాలి తీసేసిన అల్యూమినియం ఫాయిల్ ప్యాకెట్లలో, మైనస్ 20 డిగ్రీల దగ్గర. ముందు ఆరబెట్టడం ఎందుకంటే, తడి ఉన్న గింజను గడ్డకట్టిస్తే లోపల మంచు ముక్కలు ఏర్పడి కణాలు చిరిగిపోతాయి. కాబట్టి ఈ వీడియో చూసి ఇంట్లో విత్తనాన్ని నేరుగా ఫ్రీజర్లో పడేయకండి!

సరే, అలా పెడితే ఎన్నేళ్ళు? పంటను బట్టి ఉంటుంది. జొన్న, కొర్ర లాంటి గట్టి గింజలు చాలా ఎక్కువ కాలం ఉంటాయి. ఉల్లి విత్తనం బాగా అల్పాయుష్షుది. బయట గదిలో ఏడాది రెండేళ్ళకే చప్పబడిపోతుంది. మన వేరుశనగ కూడా నాజూకే. నూనె గింజ, పైన పలుచటి పొట్టు. అందుకే మన పెద్దోళ్ళు విత్తనానికి కాయలు కాయలుగానే దాచి, విత్తే ముందు ఒలిచేవాళ్ళు. ఇక్రిశాట్‌లో 4 డిగ్రీల గదిలో వేరుశనగను ఉంచేదీ కాయల్లోనే.

ఇక మామిడి టెంక లాంటివి ఉన్నాయి. వాటిని ఆరబెడితే చాలు, చచ్చిపోతాయి. వాటికి ఫ్రీజర్ బ్యాంకు పనికిరాదు. తోటే బ్యాంకు, చెట్టే లాకర్.

"మరి రెండు వేల ఏళ్ళ ఖర్జూరం మొలిచిందంటారు కదన్నా?" అని అడుగుతారు. నిజమే. ఇజ్రాయెల్‌లో మసాదా కోట తవ్వకాల్లో 1960ల్లో దొరికిన ఖర్జూర గింజలు అవి. 2005లో నాటితే ఒకటి మొలిచింది. అక్కడి ఎడారి పొడి గాలి దాన్ని కాపాడింది. కానీ అది లాటరీ టికెట్ లాంటిది. దాన్ని నమ్ముకుని ఊరి విత్తనాన్ని అటకెక్కించలేం.

ఇక్కడ అసలు ప్రమాదం ఒకటుంది. విత్తనం చావడం మనకు కనపడదు. చాలా కాలం బాగానే ఉన్నట్టు ఉంటుంది. ఉదాహరణకు వందకు 96 మొలిచేది 94, 92 అని మెల్లగా జారుతుంది. ఒక దశ దాటాక గబగబా 60, 30, సున్నా. 20 శాతానికి వచ్చాక సడన్‌గా ఆఫ్ అయిపోయే పాత ఫోన్ లాగా. పైకి చూస్తే మాత్రం అదే రంగు, అదే నిగనిగ.

అందుకే విత్తన బ్యాంకులో పని తలుపు మూశాక కూడా ఉంటుంది. కొన్నేళ్ళకోసారి కొన్ని గింజలు తీసి మొలకెత్తించి లెక్కపెడతారు. మొలక శాతం మొదట్లో ఉన్నదాంట్లో 85 శాతానికి పడిపోతే ఇక ఆగరు. అంటే మొదట 96 మొలిస్తే, సుమారు 82 దగ్గర పొలంలో వేసి కొత్త గింజ తీస్తారు. అంత తొందర ఎందుకు? సున్నా అయ్యేదాకా ఆగితే ఏమీ మిగలదు కాబట్టి. ఏడెనిమిది గింజలు మిగిలినా అది పాత రకం మొత్తం కాదు. ఒక రకంలో గింజగింజకూ తేడా ఉంటుంది. కరువుకు తట్టుకునే గుణం ఉన్న గింజ ఆ చచ్చిపోయిన వాటిలో ఉండొచ్చు.

దీని విలువ ఎంతో తెలియాలంటే లెనిన్‌గ్రాడ్ కథ వినాలి. 1941 నుంచి 1944 దాకా జర్మన్ సైన్యం ఆ నగరాన్ని ముట్టడించింది. జనం ఆకలితో లక్షల్లో చనిపోయారు. అక్కడి విత్తన సంస్థలో టన్నుల కొద్దీ గింజలు ఉన్నాయి. అయినా శాస్త్రవేత్తలు వాటిని తినలేదు, కాపలా కాశారు. వాళ్ళలో కొందరు ఆకలికే పోయారు. వేరుశనగ నిపుణుడు అలెగ్జాండర్ షూకిన్ తన రాతబల్ల దగ్గరే ప్రాణం విడిచాడు. మనం వేరుశనగ జిల్లా వాళ్ళం, ఆ పేరు మనకు తెలిసి ఉండాలి. 2008లో నార్వే వాళ్ళు స్వాల్‌బార్డ్‌లో మంచుకొండ లోపల విత్తన గిడ్డంగి తెరిచింది కూడా ఇలాంటి భయంతోనే. ఒకచోట బ్యాంకు పోయినా ఇంకోచోట నకలు ఉండాలని. ఇక్రిశాట్ విత్తనాలు అక్కడా ఉన్నాయి.

ఫ్రీజర్ లేని బ్యాంకులూ ఉన్నాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఊళ్ళలో పాత రకాలను కాపాడుతున్నారు. బూడిద, వేపాకు కలిపి దాస్తారు. పురుగు పట్టకుండా అది. కానీ వాళ్ళ అసలు రహస్యం దాచడంలో లేదు, మళ్ళీ మళ్ళీ విత్తడంలో ఉంది. మా జేజి చేసిందీ అదే. ఆమె బ్యాంకు డబ్బా కాదు, ఆ ఏటేటా చల్లిన చారెడు.

మీ ఇంట్లో విత్తనం ఉంటే ఇలా చేయండి. ఏరకుండా, వచ్చినవి వచ్చినట్టు వంద గింజలు తీసుకోండి. తడిపిన గోనెపట్టాలో గానీ గుడ్డలో గానీ వరుసగా పేర్చి చుట్టండి. తడి ఆరకూడదు, నీళ్ళు నిలవకూడదు. వారం, పది రోజులకు గట్టిగా ఉన్న మంచి మొలకలు లెక్కపెట్టండి. సర్టిఫైడ్ విత్తనానికి వేరుశనగలో కనీసం 70, శనగలో 85 మొలవాలి. కొన్న సంచి మీద ట్యాగ్ చూసి ఫోటో తీసి పెట్టుకోండి. మామూలుగా పరీక్ష చేసిన తేదీ నుంచి 9 నెలలే గడువు. ఇంట్లో దాచాలంటే నీడలో బాగా ఆరిన గింజను గాలి చొరని సీసాలో పెట్టి, చల్లటి చోట ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే, బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తీయొద్దు. తీస్తే గాలిలోని తేమ గింజ మీద చెమటలా పడుతుంది. సీసా మీద సంవత్సరం రాయండి. ఫోన్‌లో ఏడాదికోసారి రిమైండర్ పెట్టండి.

ఇక జేజి కొర్రలు. వందకు ఏడు మొలిచాయి. ఏడే! ఇంకో రెండేళ్ళు ఆలస్యమైతే అవీ ఉండేవి కాదేమో. ఏడింటినీ కుండీల్లో పెట్టా. రెండు చచ్చిపోయాయి. ఐదు కంకి వేశాయి. పిచ్చుకలకు దక్కకుండా మా అమ్మ పాత చీర ముక్కలు కట్టింది. పోయినేడు పొలం గట్టు పక్కన ఒక చిన్న మడి వేశాం. ఇప్పుడు ఈ డబ్బాలో ఉన్నది ఆ పంటే, వేపాకు కూడా కొత్తదే. మిగతా 93 గింజల్లో ఏం పోయిందో మాత్రం నాకు ఎప్పటికీ తెలియదు.

మన ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళకు కొదవలేదు. బంగారాన్ని లాకర్లో పెట్టి మర్చిపోయినా వందేళ్ళకు అదే బంగారం. విత్తనం అలా కాదు, మర్చిపోతే చచ్చిపోతుంది. మీ ఇంట్లో అవ్వ, జేజి, అమ్మమ్మ ఎవరన్నా దాచిన డబ్బా ఉందా? ఈ రాత్రికే అడగండి. ఉంటే రేపే వంద గింజలు తడపండి. ఎన్ని మొలిచాయో నాకు చెప్పండి.

మళ్ళీ కలుద్దాం. ఉంటాను.