గ్రహణం నాటి వెలుగు

పుట్టుకతోనే పెదవి చీలిన పసిబిడ్డను చూస్తే మన తెలుగులో ‘గ్రహణం మొర్రి’ అంటారు. ఆ మాటలోనే ఒక నేరారోపణ దాగి ఉంది. గ్రహణ సమయంలో తల్లి ఏదో కోసిందనీ, అందుకే బిడ్డ పెదవి తెగిందనీ దాని భావం. ముస్లిం ఇళ్ళలో ఇలాంటి నమ్మకాలు ఉండవని ఎవరైనా అనుకుంటే అది పొరపాటే. తణుకులో మా ఇంట్లోనే ఉండేది.

1980 ఫిబ్రవరి 16, శనివారం. నాకప్పుడు సుమారు పదేళ్ళు. మన వైపు సూర్యుడు పూర్తిగా మూసుకుపోలేదు గాని, మధ్యాహ్నం వేళ ఎండ పలచబడి వింతగా మారింది. వీధిలో మనిషి లేడు. మా నానీ తలుపులు వేయించి, కిటికీలకు గోనెపట్టాలు కట్టించారు. నిండు చూలాలైన మా చిన్న ఖాలాను మంచం మీద కదలకుండా పడుకోమన్నారు. ఆమె కాసేపు ఓర్చుకుంది. తర్వాత లేచి నీళ్ళు తాగింది, అలవాటు కొద్దీ అడకత్తెర తీసుకుని ఒక వక్క కత్తిరించింది. నెల తిరక్కుండానే పుట్టిన మగబిడ్డకు పై పెదవి చీలి ఉంది. ఇక చెప్పేదేముంది! శస్త్రచికిత్స జరిగి, పిల్లవాడు పెద్దవాడై, పెళ్ళి చేసుకున్నా కూడా ‘ఆ రోజు అడకత్తెర పట్టింది’ అన్న మాట మాత్రం ఆమెను వదలలేదు.

కడుపులోని బిడ్డకు పై పెదవి రెండో నెలలోనే రూపు దిద్దుకుంటుంది. అంగిలి మూడో నెలకల్లా కలుస్తుంది. తొమ్మిదో నెలలో కత్తిరించిన వక్క రెండో నెలలో ఏర్పడిన పెదవిని ఎలా కోస్తుంది? ఈ చిన్న లెక్క మా ఇంట్లో ఎవరూ వేయలేదు. మదరసాలో పాఠాలు చెప్పే స్థితికి వచ్చాక గాని నాకూ తట్టలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

అసలు మనకు లెక్కలతో కూడా పని లేకపోవలసింది. హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే కన్నుమూశారు. అదే రోజు మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణానికే సూర్యుడు చీకటయ్యాడని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉన్న తండ్రికి ఆ మాట ఎంత ఊరటగా ఉండేదో ఆలోచించండి. కాని ప్రవక్త (స) దాన్ని ఒప్పుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనల్లోనివనీ, ఎవరి చావుకూ ఎవరి పుట్టుకకూ వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు. ప్రజలతో కలిసి సుదీర్ఘంగా నమాజు చేశారు. గ్రహణ నమాజుకు అజాన్ లేదు, ఇఖామత్ లేదు. రెండు రకాతులు, దుఆ, దానధర్మాలు. తలుపులు వేసుకుని దాక్కోమన్న ఆదేశం ఎక్కడా లేదు.

గ్రహణాన్ని దాక్కోకుండా చూసినవారి వల్లనే వెలుగు గురించి మనిషి ఎంతో నేర్చుకున్నాడు. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైథమ్ వెయ్యేళ్ళ క్రితమే ‘కితాబుల్ మనాజిర్’ రాశారు. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని పూర్వులు అనేవారు. అది కాదు, వెలుగే వస్తువు నుంచి కంటికి వస్తుందని ఆయన నిరూపించారు. చీకటిగదిలోకి సన్నని రంధ్రం గుండా పడే గ్రహణ సూర్యుని బింబం నెలవంకలా ఎందుకుంటుందో వివరిస్తూ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు.

సూరె యూనుస్ 5వ ఆయత్‌లో సూర్యుని వెలుగుకు ‘జియా’ అనీ, చంద్రుని వెలుగుకు ‘నూర్’ అనీ వేర్వేరు పదాలు వచ్చాయి. దీని నుంచి భౌతికశాస్త్రమంతా పిండాలని చూసే ఉపన్యాసకులతో నేను ఏకీభవించను. ఆ వెలుగుల గురించి యోచించమన్న పిలుపు మాత్రం అందులో ఉంది.

ఇక మన జిల్లాల సంగతి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు, బందరుల మీదుగా సాగింది. బందరు ఎంత దూరం? మన కొల్లేరు దాటితే అదే కదా. ఆ గ్రహణం కోసం ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఓడెక్కి గుంటూరు వచ్చాడు. బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెన్నంట్ కూడా అక్కడే మకాం వేశాడు. మద్రాసు వేధశాల అధికారి పోగ్సన్ బందరులో నిలిచాడు.

వారు చూడదలచుకున్నది చీకటిని కాదు, సూర్యుని అంచున ఎగసే జ్వాలల వెలుగును. వెలుగును గాజుపట్టకం గుండా పంపితే రంగులుగా విడిపోతుంది. ఒక్కొక్క పదార్థం మండేటప్పుడు తనకే చెందిన గీతలను ఆ రంగుల్లో వదులుతుంది. పొయ్యి మంటలో చిటికెడు ఉప్పు పడితే పసుపుపచ్చగా వెలగడం మన ఆడవారికి తెలిసిన సంగతే. ఉప్పులోని సోడియం వేసే సంతకం అది. ఈ సంతకాలు చదవడం 1860 నాటికి జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ నేర్పారు.

గుంటూరులో సూర్యుడు ఐదు నిమిషాలకు పైగా మరుగయ్యాడు. జ్వాలల గీతలు ఎంత ప్రకాశవంతంగా కనిపించాయంటే, వీటిని చూడటానికి గ్రహణం కూడా అక్కరలేదేమోనని జాన్సెన్‌కు తోచింది. మర్నాడు ఉదయమే, మామూలు ఎండలో, మళ్ళీ చూశాడు! ఈ వార్తను కాకినాడ నుంచి ఉత్తరంలో పారిస్‌కు పంపాడు. ఇంగ్లండులో లాకియర్ కూడా అక్టోబరులో సొంతంగా అదే పద్ధతి కనుగొన్నాడు. ఇద్దరి కబురూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరడంతో 1872లో ఇద్దరి ముఖాలతో ఒక పతకం వేయించారు.

హీలియంను గుంటూరులో కనుగొన్నారని ఇక్కడ గొప్పగా చెప్పుకుంటాం. నిజం కొంచెం వేరు. ఆ గ్రహణంలో ఒక పసుపు గీతను పలువురు చూశారు. అది సరిగ్గా సోడియం స్థానంలో లేదేమోనన్న అనుమానం బందరులో పోగ్సన్‌కు కలిగింది. సోడియం కాదని కొలిచి తేల్చింది లాకియర్. భూమి మీద ఆ వాయువు 1895లో గాని రామ్సేకు దొరకలేదు. ఉన్న ఘనత చాలు, లేనిది కలపనక్కరలేదు.

ఖగోళ శాస్త్రజ్ఞుడు నక్షత్రాన్ని తాకలేడు, తూచలేడు. అతని చేతికి అందేది వెలుగు ఒక్కటే, అదీ పాతది. సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తినా సూర్యుని నుంచి మనల్ని చేరడానికి దానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ పదో శతాబ్దంలో ‘చిన్న మేఘం’గా నమోదు చేసిన ఆండ్రోమెడా వెలుగు సుమారు 25 లక్షల ఏళ్ళ కిందట బయలుదేరినది. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత ఖర్చుతో దూరదర్శిని తెప్పించి వేధశాలకు పునాది వేసింది ఈ వెలుగు కోసమే. మేము గోనెపట్టాలు కట్టుకున్న ఆ 1980 శనివారం నాడే, ఉస్మానియా వారి రంగాపూర్ వేధశాల దగ్గర దేశవిదేశాల శాస్త్రజ్ఞులు సంపూర్ణ గ్రహణాన్ని కళ్ళారా చూశారు.

2027 ఆగస్టు 2న సంపూర్ణ గ్రహణం పవిత్ర మక్కా మీదుగా పోతుంది. అక్కడ సుమారు ఐదు నిమిషాలు పట్టపగలే చీకటి. సూర్యుణ్ణి నేరుగా చూడటం మాత్రం కంటికి హాని. అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం చేసి, నీడలో పడే బింబాన్ని చూడాలి.

2019 డిసెంబరు 26న పాక్షిక గ్రహణం పట్టినప్పుడు మా పెరట్లో పిల్లలకు అదే చూపించాను. వేపచెట్టు ఆకుల సందుల గుండా నేలంతా చిన్న చిన్న నెలవంకలు పడ్డాయి. ఖాలా ఆ సమయానికి మా ఇంట్లోనే ఉన్నారు. గడప దాకా వచ్చి ఆగిపోయారు. పిల్లలు చేయి పట్టి లాగితే మెల్లగా చెట్టు కిందికి వచ్చి, అరచేయి చాచి, అందులో పడ్డ నెలవంకను చాలాసేపు చూశారు. తర్వాత, “బేటా, వుజూ చేసుకుంటా, నమాజు ఎన్ని రకాతులన్నావ్?” అని అడిగారు.