పోలీసులు ప్రశ్నించేటప్పుడు

ఒక ఊళ్లో ఒక ఇంట్లో బంగారు గొలుసు పోయిందనుకుందాం. ఇంటివాళ్లు పోలీసు స్టేషనుకు వెళ్లారు. ఫిర్యాదు ఇచ్చారు. తమ ఇంట్లో పాచిపని చేసే ఆమె మీద అనుమానం ఉందని చెప్పారు. పోలీసులు కేసు రాసుకున్నారు.

ఇప్పుడు పోలీసులు దర్యాప్తు చెయ్యాలి. దర్యాప్తు అంటే అసలు ఏం జరిగిందో తెలుసుకోవడం. అనుమానం వేరు, నేరం వేరు. అనుమానం ఎవరిమీదైనా రావచ్చు. నేరం చేసిందీ లేనిదీ తేల్చేది కోర్టు. అంతవరకు ఆమె దొంగ కాదు.

ప్రశ్నలు ఎలా అడుగుతారు?

ఎస్సై ముందు ఇంటివాళ్లను అడగాలి. గొలుసు ఎక్కడ పెట్టారు? ఆఖరిసారి ఎప్పుడు చూశారు? ఆ రోజు ఇంటికి ఎవరెవరు వచ్చారు? తర్వాత ఇరుగుపొరుగు వాళ్లను అడగాలి. ఆ వివరాలు చేతిలో పెట్టుకుని, అనుమానం ఉన్న మనిషిని ప్రశ్నించాలి.

మొదట ఆమెనే చెప్పనివ్వాలి. "ఆ రోజు పొద్దున్నించి ఏమేం చేశావమ్మా?" అని అడిగి వినాలి. తర్వాత చిన్న చిన్న ప్రశ్నలు వేస్తారు. "ఎన్ని గంటలకు పనికి వచ్చావు? అప్పుడు ఇంట్లో ఎవరున్నారు? ఎన్నింటికి వెళ్లావు?" అడిగిందే మళ్లీ ఇంకో విధంగా అడుగుతారు. మాట మారుతుందేమో చూస్తారు. ఇద్దరి మీద అనుమానం ఉంటే ఇద్దరినీ విడివిడిగా అడుగుతారు.

ఆమె చెప్పిన మాటలను సరిచూడాలి. "ఆ టైముకు నేను రేషన్ షాపు దగ్గర ఉన్నానయ్యా" అని ఆమె అంటే, డీలరును అడగాలి. లైనులో నిలబడ్డ వాళ్లను అడగాలి. ఇలా చేస్తే దొంగ దొరకవచ్చు. తప్పు చెయ్యని మనిషి బయట పడవచ్చు.

ఒప్పుకుంటే సరిపోతుందా?

కొన్నిచోట్ల ఇలా జరగదు. "మాకంతా తెలుసు, ఒప్పుకో" అని గద్దిస్తారు. "ఒప్పుకుంటే ఇంటికి పంపుతాం" అని ఆశ పెడతారు. తిండీ నిద్రా లేకుండా గంటల తరబడి కూర్చోబెడతారు. కొడతారు కూడా. ఆ బాధ తప్పితే చాలని, చెయ్యని తప్పును ఒప్పుకున్న వాళ్లున్నారు.

అందుకే చట్టం ఒక గట్టి నియమం పెట్టింది. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా ఆ మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఈ నియమం ఉంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. అయితే, కస్టడీలో ఉన్న మనిషి చెప్పిన చోట పోయిన వస్తువు దొరికిందనుకోండి. అప్పుడు ఆ వస్తువుకు సంబంధించిన మాట వరకు చెల్లుతుంది. మేజిస్ట్రేటు ముందు ఇష్టపడి ఒప్పుకుంటే అది చెల్లుతుంది. కానీ మేజిస్ట్రేటు ముందుగా, "నువ్వు ఒప్పుకోనక్కర లేదు, ఒప్పుకుంటే అది నీ మీదికే రావచ్చు" అని చెప్పి తీరాలి.

దర్యాప్తు సరిగా లేకపోతే ఎంత నష్టమో చూడండి. 2007లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉండి చదువుకునే ఒక పిల్లను ఎవరో చంపేశారు. 2008లో పోలీసులు ఒక కుర్రవాణ్ణి అరెస్టు చేశారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషి అని విడిచిపెట్టింది. అప్పటికి ఎనిమిదేళ్లు దాటిపోయాయి. కుర్రవాడి వయసు జైల్లో పోయింది. బిడ్డను ఎవరు చంపారన్న ప్రశ్నకు తల్లిదండ్రులకు జవాబూ దొరకలేదు.

మాట్లాడకుండా ఉండవచ్చా?

ఉండవచ్చు. తన మీదికే నేరం వచ్చే ప్రశ్నకు జవాబు చెప్పమని ఎవరినీ బలవంతం చెయ్యకూడదు. ఇది రాజ్యాంగం ఇచ్చిన హక్కు.

ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతిని 1977లో ఒక కేసులో పోలీసులు స్టేషనుకు పిలిచారు. ప్రశ్నలు రాసి ఇచ్చారు. ఆమె జవాబు చెప్పనన్నారు. గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఈ హక్కు పోలీసు స్టేషన్లో కూడా ఉంటుందని 1978లో కోర్టు చెప్పింది. ముఖ్యమంత్రిగా చేసిన ఆమెకు ఉన్న హక్కే పాచిపని చేసే ఆమెకూ ఉంది.

ఆడవాళ్లు తెలుసుకోవలసినవి

సాక్షిగా వివరాలు అడగాలంటే ఆడవాళ్లను స్టేషనుకు రమ్మనకూడదు. వాళ్లుండే చోటికే వచ్చి అడగాలి.

పొద్దు గూకిన తర్వాత, తెల్లవారేలోపు ఆడవాళ్లను అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరి అయితే మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. మహిళా పోలీసు అధికారే అరెస్టు చెయ్యాలి.

అరెస్టు ఎందుకో చెప్పాలి. ఇంట్లో వాళ్లకు కబురు చెయ్యాలి. ప్రయాణానికి పట్టే టైము కాక, 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి.

ప్రశ్నించేటప్పుడు వకీలును కలుసుకోవచ్చు. మొత్తం సేపూ వకీలు పక్కన ఉండటం కుదరకపోవచ్చు. వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేదు. 15100 నంబరుకు ఫోను చెయ్యవచ్చు.

ఒప్పుకోమని కొట్టడం నేరం. కొట్టింది పోలీసయినా ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. గట్టి దెబ్బలు తగిలితే పదేళ్ల దాకా పడవచ్చు. మేజిస్ట్రేటు ముందు నిలబడ్డప్పుడు దెబ్బల సంగతి నోరు తెరిచి చెప్పాలి.

సంతకం చేసే ముందు

దర్యాప్తులో చెప్పిన మాటలను పోలీసులు రాసుకుంటారు. ఆ వాంగ్మూలం మీద సంతకం పెట్టనక్కర లేదు. చట్టమే అలా చెబుతోంది. అరెస్టు చేస్తే మాత్రం ఒక కాగితం రాస్తారు. అందులో అరెస్టు చేసిన తేదీ, టైము ఉండాలి. ఇంటి మనిషో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం చెయ్యాలి. అరెస్టయిన మనిషీ సంతకం చెయ్యాలి.

ఆ తేదీ, ఆ టైము చదివి చూసుకోవాలి. 24 గంటల లెక్క అక్కడి నుంచే తెలుస్తుంది. నిన్న సాయంత్రం తీసుకొచ్చి ఈ రోజు పొద్దున అని రాస్తే, తప్పు రాశారని అడగాలి. రాత అర్థం కాకపోతే చదివి వినిపించమనాలి. తెల్లకాగితం మీద సంతకం గానీ, వేలిముద్ర గానీ ఎవరు అడిగినా వెయ్యకూడదు.

మాట్లాడుకోండి

1. అనుమానానికీ నేరానికీ తేడా ఏమిటి?
2. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో ఎందుకు చెల్లదు?
3. అరెస్టు కాగితంలో ఏమేం చూసుకోవాలి?