వార్తల్లో పదం: ఉప ఎన్నిక

శాసనసభ్యుడి మరణం, రాజీనామా, అనర్హత వంటి కారణాలతో సీటు ఖాళీ అయితే, మిగిలిన పదవీకాలానికి ఆ నియోజకవర్గంలో జరిపేదే ఉప ఎన్నిక. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 151ఎ సెక్షన్ ప్రకారం, ఖాళీ ఏర్పడిన ఆరు నెలల్లోగా దీన్ని నిర్వహించాలి. మిగిలిన కాలం ఏడాదిలోపే ఉంటే, లేదా గడువులోగా ఎన్నిక కష్టమని కేంద్రాన్ని సంప్రదించి ఎన్నికల సంఘం ధ్రువీకరిస్తే మినహాయింపు ఉంటుంది.

విశాఖలో ఏం జరిగింది?

స్టీల్‌ప్లాంట్ ప్రైవేటీకరణకు నిరసనగా విశాఖ ఉత్తర ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. స్పీకర్ తమ్మినేని సీతారాం దాన్ని ఆమోదించింది 2024 జనవరిలో. అప్పటికి సభ గడువు ఏడాది కూడా లేదు. ఉప ఎన్నిక జరగలేదు.

కీలకం ఎక్కడ?

పోటీ పరీక్షలకు చదివేవారు గుర్తుంచుకోవాల్సింది ఇదే: రాజ్యాంగం 190(3) అధికరణ ప్రకారం లేఖ ఇవ్వగానే సీటు ఖాళీ కాదు, స్పీకర్ ఆమోదించాలి. ఆరు నెలల లెక్క అప్పుడే మొదలవుతుంది. విశాఖకు భిన్నంగా, తెలంగాణలోని మునుగోడులో ఎమ్మెల్యే కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి రాజీనామాను 2022 ఆగస్టు 8న, ఇచ్చిన రోజే ఆమోదించారు. నవంబరు 3న పోలింగ్ జరిగింది.

ఎన్నికకు గడువు పెట్టిన చట్టం, రాజీనామాపై నిర్ణయానికి పెట్టలేదు. ఉక్కు ఉద్యమం ఉద్ధృతంగా ఉన్నప్పుడే ఓటరు తీర్పు చెప్పే అవకాశం విశాఖకు దక్కలేదు. ఆ లోటును చట్టమే పూడ్చాలి.