వివాదము లేని నేల, విధి తప్పని ప్రవేశము



ఇల్లు కొనదలచినవారు మా యొద్దకు వచ్చునపుడు సాధారణముగా ఒక ప్లాను కాగితము చేతబట్టుకొని వచ్చెదరు. సింహద్వారము ఏ దిక్కున ఉన్నది, వంటగది ఆగ్నేయమున పడినదా, మెట్లు ఎటు తిరిగినవి, ఇవి వారి ప్రశ్నలు. అడుగవలసినవే. కాని వీటికంటె ముందు అడుగవలసినది మరియొకటి ఉన్నది. దానిని అడుగువారు బహు అరుదు.

ఆశ్వలాయన మహర్షి తన గృహ్యసూత్రములలో ద్వితీయాధ్యాయమున వాస్తుపరీక్షను చెప్పినారు. మోకాలిలోతు గొయ్యి త్రవ్వి, ఆ మట్టినే తిరిగి నింపి చూడవలెననియు, మట్టి మిగిలినచో నేల ఉత్తమమనియు, సరిపోయినచో మధ్యమమనియు, చాలకపోయినచో విడువవలెననియు నిర్ణయించినారు. ఈ పరీక్షను గూర్చి చాలమంది వినియేయుందురు. అయితే దీనికంటె ముందే, భూమిలక్షణముల ఆరంభముననే, ఆయన రెండు మాటలు చెప్పినారు. మొదటిది, అది చవుటినేల కారాదని. రెండవది, అది ‘అవివదిష్ణు’ కావలెనని. అనగా, ఎవరును తగవుకు రాని నేల అని అర్థము. నీరు ఎటు పారవలెను, ఏ చెట్లు ఉండవచ్చును, ఏవి వేళ్లతో పెకలింపవలెను అనునవి ఆ తరువాతి సంగతులు. ఋషులకు కోర్టులు లేవు, దస్తావేజులు లేవు. అయినను తగవులాడు నేలపై కట్టిన ఇంట శాంతి ఉండదని వారు ఎరుగుదురు.

ఈ కాలమున ఆ మాటను ఆచరించుట ఎట్లు? లింకు దస్తావేజులన్నియు వరుసగా తెప్పించి, ఒక న్యాయవాదిచేత చదివింపవలెను. సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున కనీసము 30 ఏండ్లకు ఈ.సి. తీయింపవలెను. ఈ.సి. శుభ్రముగ ఉన్నంతమాత్రమున చాలదని కూడ గ్రహింపుడు. రిజిస్టరు కాని వీలునామాలు, వారసుల హక్కులు అందు కనబడవు. పిత్రార్జితమైన ఆస్తిని అమ్మువారికి అక్కచెల్లెండ్రు ఉన్నారేమో తప్పక విచారింపవలెను. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కును మన రాష్ట్రము 1986లోను, దేశమంతటికి పార్లమెంటు 2005లోను చట్టము చేసి ఇచ్చినవి. ఆ హక్కు పుట్టుకతోనే వచ్చునదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టము చేసినది.

ఒక గృహస్థు ముహూర్తమునకై మా యొద్దకు వచ్చి, “అమ్మకందారు సోదరి సంతకము పెట్టనన్నది స్వామీ, ఆమె భాగము ఎంత గనుక, రిజిస్ట్రేషను అయిపోవును లెండి” అనినాడు. ఆమె సమ్మతి వచ్చినపిమ్మట రమ్మంటిమి. ఆయన నొచ్చుకొని వెళ్లినాడు. నాలుగు నెలలకు తిరిగి వచ్చినాడు. ఆమె భాగము సొమ్ము ఆమె చేతికిచ్చి, సంతకము తీసికొని, ఆమెనే గృహప్రవేశమునకు పిలుచుకొని వచ్చినాడు. ఆడపడుచు కంట నీరు పెట్టించి కొన్న ఇంటికి ఎంతటి వాస్తుహోమము చేసినను ఏమి ప్రయోజనము?

ఈ సందర్భముననే దేవుని మాన్యములను గూర్చి కూడ చెప్పవలసియున్నది. 1987 నాటి దేవాదాయ చట్టము ప్రకారము, తగిన అధికారుల ముందస్తు అనుమతి లేక దేవాలయ భూమిని అమ్ముట చెల్లదు. అయినను ఊరి అంచున లేఅవుట్లలో అట్టి భూములు ప్లాట్లుగా మారుచునే ఉన్నవి. తక్కువ ధరకు వచ్చెనని కొని, అందులో పూజగది కట్టుకొని, ఏ స్వామి భూమియో ఆ స్వామికే దీపము పెట్టుట ఎంత విపరీతము! రిజిస్ట్రేషను చట్టము 22-ఎ సెక్షను క్రింద నిషేధిత భూముల జాబితా ఉన్నది. సర్వే నంబరు చెప్పి అందులో ఉన్నదేమో చూచుకొనుడు.

ఫ్లాటు కొనువారికి మరి రెండు మాటలు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమున 8 కంటె ఎక్కువ ఫ్లాట్లు కట్టి అమ్మునప్పుడు, 2016 నాటి రెరా చట్టము క్రింద ఆ నిర్మాణము నమోదు కావలెను. రిజిస్టరు చేసిన అమ్మకపు ఒడంబడిక లేక బిల్డరు ధరలో పదవ వంతుకు మించి పుచ్చుకొనరాదు. గోడలతోపాటు నేలలో మీకు వచ్చు అవిభక్త భాగమెంతో దస్తావేజులో వ్రాయించుకొనుడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు వచ్చినదా అని అడుగుడు.

ఇక ప్రవేశము. ముహూర్తశాస్త్రము దీనిని మూడు విధములుగా చెప్పినది. క్రొత్తగా కట్టిన ఇంట ప్రవేశించుట అపూర్వము, యాత్రనుండి తిరిగి వచ్చి ప్రవేశించుట సపూర్వము, అగ్ని మొదలగు ఉపద్రవములచేత పాడై బాగుచేసిన ఇంట ప్రవేశించుట ద్వంద్వము. అపూర్వమునకు మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ మాసములు ప్రశస్తములు. రోహిణి, ఉత్తరాత్రయము, మృగశిర, చిత్త, అనూరాధ, రేవతి నక్షత్రములును స్థిరలగ్నమును మేలు. గురు శుక్ర మౌఢ్యములు విడువవలెను. అద్దె ఇంటికి ఇంత పట్టింపు అక్కరలేదు. మంచి తిథివారములు చూచి, పుణ్యాహవాచనము చేసి, పాలు పొంగించుకొనిన చాలును.

ముహూర్తముకంటె ముఖ్యమైన నియమమొకటి ఉన్నది. తలుపులు పెట్టని ఇంట, పైకప్పు వేయని ఇంట, వాస్తుబలియు భోజనమును జరుగని ఇంట ప్రవేశింపరాదు. నేడు మౌఢ్యము వచ్చునను తొందరలో కిటికీలు లేని, కరెంటు రాని ఇంట పాలు పొంగించి, తాళము వేసి ఆరు నెలలు మరచిపోవుచున్నారు. అది ప్రవేశము కాదు, ఫొటోల ఉత్సవము. మౌఢ్యము వెళ్లువరకు ఆగుటయే ఉచితము. భోజనమనగా బంధువులకు మాత్రమే పెట్టుట కాదు. తాపీ మేస్త్రీని, వడ్రంగిని, మట్టి మోసిన కూలివారిని పిలిచి, బట్టలు పెట్టి, తృప్తిగ భోజనము పెట్టుట మన పెద్దల ఆచారము. వారి కూలి బాకీ ముందురోజే తీర్చుడు.

వాస్తుహోమమున 81 పదముల మండలము వేసి 45 దేవతలను ఆవాహన చేయుదురు. వాస్తోష్పతిని ఋగ్వేదము సప్తమ మండలమున స్తుతించినది. ఆ మంత్రములలో అడిగినది మేడలు కాదు. రోగములు రాకుండుట, ఇంటిలోని మనుష్యులకు, పశువులకు క్షేమము.

పశువులనగా గోవు మాట వచ్చినది. అయిదవ అంతస్తు ఫ్లాటునకు గోవును మెట్లమీదుగా లాగుకొనిపోవుట మేము చూచితిమి. నునుపు రాళ్లపై దాని గిట్టలు జారును. ఎక్కించినను దింపుట మరింత కష్టము. క్రింద గేటు యొద్దనే సవత్సగోపూజ చేసి, గ్రాసము పెట్టి, పిదప మీరు పైకి వెళ్లుడు. హోమమునకు నేలపై ఇటుకలు, ఇసుక దళసరిగ పరువనిదే అగ్ని వేయవలదు, టైల్సు పగులును. పొగ గంటలు, నీటి గొట్టములు గల భవనములలో ముందుగనే యాజమాన్యమునకు తెలుపుడు. అమెరికాలోని మన పిల్లలకు ఇది మరింత అవసరము. ముహూర్తము కూడ వారు ఉన్న ఊరి సూర్యోదయమును బట్టి కట్టవలెనే గాని, ఇక్కడి పంచాంగములోని గంటలను అక్కడికి మార్చుకొన్నంత మాత్రమున సరిపోదు.

బూడిద గుమ్మడికాయను గుమ్మము ముందు పగులగొట్టుడు, దారిలో వద్దు. ఆ ముక్కలపై ద్విచక్రవాహనములు జారుచున్నవి. దిష్టి తీసిన పిదప, గడియలోపలనే వానిని ఎత్తివేయింపుడు.