క్యారవాన్ వెనక చిన్న ట్రైలర్: చోటు సరే, బరువో?

పుదుచ్చేరి నుంచి యానాం సుమారు 800 కిలోమీటర్లు. పాలన ఒకటే అయినా నడుమ కోస్తా జిల్లాలు ఎన్నో దాటాలి. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద చెన్నై చేరి, అక్కడ 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి నెల్లూరు, ఒంగోలు, విజయవాడ మీదుగా పోవాలి. ఇంత దూరం ఇంటిల్లిపాదీ క్యారవాన్‌గా మార్పించిన టెంపో ట్రావెలర్‌లో బయలుదేరితే ముందుగా చాలకుండా పోయేది చోటే. పడకలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు పోగా పెట్టెలకు మిగిలేది కాస్తే. అమెరికాలో ఆర్వీల (ఇలాంటి క్యారవాన్ బళ్ల) వెనక చిన్న సరుకు ట్రైలర్లు తగిలించుకుని తిరుగుతారు. అక్కడ యూహాల్ అనే సంస్థ 1945 నుంచీ అలాంటివి అద్దెకిస్తోంది. మనమూ ఒకటి కట్టించుకుంటే పోదా అన్న ఆలోచన సహజమే. అయితే ట్రైలర్‌తో పెరిగేది చోటు మాత్రమే. బండి లాగగలిగే బరువు అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే. చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

ముందు చట్టం మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రైలర్‌ను కూడా మోటారు వాహనంగానే లెక్కిస్తుంది. ఇంజను లేకపోయినా దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబరు, బీమా ఉండాలి. వెల్డింగ్ షాపులో అడ్వాన్సు ఇచ్చే ముందే ఆర్టీఓ కార్యాలయానికి వెళ్లి, ఎలాంటి ట్రైలర్‌ను ఏ కాగితాలతో రిజిస్టర్ చేస్తారో కనుక్కోండి. కట్టించాక అడిగితే డబ్బు ఇనుములో ఇరుక్కుపోతుంది.

తర్వాత మీ బండి మాన్యువల్. ఎంత బరువు లాగవచ్చో అందులో రాసి ఉండాలి. రాయకపోతే కంపెనీ అనుమతి లేదనే అనుకోవాలి. టూల్‌కిట్‌లో వచ్చే లాగుడు కొక్కెం చెడిపోయిన బండిని లాగడానికే. దానికి ట్రైలర్ తగిలించకూడదు.

ఇక అసలు సంగతి, సామాను సర్దడం. ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది కొత్త కాదు. ముందు బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనక ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది. ఒంటి ఇరుసు ట్రైలర్‌దీ అదే నడత. సామానుతో కలిపి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద ఆనాలని అమెరికాలో చెప్పే లెక్క. మొత్తం 500 కిలోలైతే 50 నుంచి 75 కిలోలు. దీన్ని ఇంట్లోనే తూచవచ్చు. చదునైన నేల మీద, చక్రాలకు అడ్డం పెట్టి, ట్రైలర్ ముందు కొసను మామూలుగా తగిలించే ఎత్తులోనే ఉంచి, దాని కింద దిమ్మె, దిమ్మె కింద మనుషులు తూచుకునే యంత్రం పెడితే సరి. బరువు తక్కువ చూపితే పెట్టెల్ని ఇరుసుకు ముందుకు జరపాలి.

చాలామంది మరిచే విషయం ఒకటుంది. ఆ 60, 70 కిలోలూ మీ బండి మోస్తున్నట్టే లెక్క. పైగా టెంపో ట్రావెలర్‌కు వెనక చక్రాల అవతల బాడీ బాగా సాగి ఉంటుంది. ట్రైలర్ తగిలించే కొక్కెం దాని చివర ఉంటుంది కాబట్టి, అక్కడ నొక్కిన బరువు ముందు చక్రాల్ని కొంత తేలిక చేస్తుంది. స్టీరింగ్ పట్టు తగ్గేది అందుకే.

వెనక భాగంలో బరువెక్కువైన ట్రైలర్ వేగం పెరిగేకొద్దీ అటూ ఇటూ ఊగుతుంది. ఈసీఆర్ మీద మరక్కాణం ఉప్పుమడుల దగ్గర గాలికి అడ్డేమీ ఉండదు; పక్క నుంచి పెద్ద బస్సు దూసుకుపోతే ఆ తోపు చాలు ఊపు మొదలవడానికి. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కకండి, స్టీరింగ్‌తో ఎదురు తిప్పకండి. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నేరుగా పట్టుకుంటే వేగం తగ్గుతూ ఊపూ తగ్గుతుంది. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండి గంటకు 88 కిలోమీటర్లు దాటకూడదనే నిబంధన ఊరికే రాలేదు. ఈసీఆర్ మీద నేనైతే 60 దాటవద్దంటాను.

ఏం పెట్టాలి? ఎక్కువ చోటు తినే తేలిక సామాను: మడత కుర్చీలు, గుడారం, పరుపులు, దుప్పట్లు. నీళ్లు వద్దు. లీటరు నీళ్లు కిలో బరువు, సగం నిండిన డ్రమ్ము మలుపుల్లో తొణికి బరువును అటూ ఇటూ లాగుతుంది. గ్యాస్ సిలిండర్‌ను మూసిన పెట్టెలో పెట్టడం మరీ ప్రమాదం. ఎల్‌పీజీ గాలి కన్నా బరువైనది, కారితే అడుగునే పేరుకుంటుంది.

ఐరోపాలో 750 కిలోల లోపు ట్రైలర్లకు సొంత బ్రేకులు లేకపోయినా ఒప్పుకుంటారు. లాగే బండి బరువులో సగం దాటకూడదన్న షరతుతో. నా మాట అడిగితే, ఎంత చిన్నదైనా బ్రేకులున్నదే కొనండి. సముద్రపు గాలికి బేరింగులు, దీపాల వైర్ల అతుకులు తొందరగా తుప్పు పడతాయి కాబట్టి ప్రతి ప్రయాణానికి ముందూ వాటిని చూడాలి. కదలకుండా నిలిపి ఉంచినా టైర్లు ముసలివవుతాయి. టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం.

ఊరికి తిరిగొచ్చాక పుదుచ్చేరి వైట్ టౌన్ సందుల్లోకి దీన్ని తేవద్దు. పొడవైన ట్రైలర్ కన్నా పొట్టిదాన్ని వెనక్కి నడపడం కష్టం. స్టీరింగ్ కొంచెం తిప్పగానే చటుక్కున మడుచుకుపోతుంది, పైగా అద్దాల్లో కనిపించదు. బీచ్ రోడ్డులోకి సాయంత్రం నుంచి బళ్లనే రానివ్వరు. ఊరి బయట విశాలమైన చోట విప్పి, చక్రాలకు రెండు వైపులా అడ్డం పెట్టి, కొక్కేనికి తాళం వేసి, బండి ఒక్కటే లోపలికి తీసుకెళ్లండి.